గంట ఆగి కదిలే బండి

ఆత్మకూరు స్టాండులో నా డిక్కీ తెరిచిన ప్రతివాడూ
ముందు నవ్వుతాడు, తర్వాత అడుగుతాడు:
"ఏందన్నా ఇదంతా, పాత సామాన్ల కొట్టా?"
కాదబ్బయ్యా.
ఇవన్నీ విమానం ఎక్కబోయి
నా బండిలో తిరిగొచ్చినవి.

మద్రాసులో మనుషుల్ని దింపినాక
నేను వెంటనే బండి తిప్పను.
ఒక గంట ఆగుతాను. టీ తాగుతాను.
ఫోను మోగుతుంది.
"పెంచలయ్యన్నా, ఇంకా ఆడే ఉండావా?"
ఆ గొంతు పట్టుకునే చెప్పగలను
పట్టుబడింది కత్తో, కాయో, సీసానో.

వెంకటగిరి నేతగాడు దొరసామి
సింగపూరులో మగ్గం ఆడించి చూపాలని
నాడెను పంచెలో చుట్టి చంకన పెట్టుకున్నాడు.
రెండు కొసలా ఇనప ముక్కు దానికి.
తెర ముందు కూర్చున్న పిల్లకి ఆ ముక్కే కనపడింది,
కడుపులో దారం కనపడలేదు.

అల్లూరు పెద్దామె స్టీలు క్యారేజీ తెచ్చింది.
ముక్కలకి అభ్యంతరం లేదంట,
పులుసే లోపలికి రాకూడదంట.
పులుసు లేని ముక్క ఎవరిక్కావాలి?
మెట్ల మీద కూర్చుని ఆమె సగం, నేను సగం.

చీమకుర్తి కుర్రాడు బేరానికని
అరచెయ్యంత చుక్కల నల్లరాయి తెచ్చినాడు.
దాన్ని మాత్రం పోనిచ్చారు.
ఎందుకు పోనిచ్చారో నాకిప్పటికీ తెలవదు.

రాయి రాయికీ ఒక జాతకం.
మస్తాన్‌బీ పొత్రానికి ఆ రాత లేదు.

ఉదయగిరి కొండకింద ఊరు ఆమెది.
కువైట్‌లో ఎవరింట్లోనో వంట. రెండో దఫా పోతా
చేతిసంచిలో గుడ్డలేం పెట్టుకోలా,
పాత లంగాలో చుట్టిన పొత్రం ఒక్కటే.
ఏడు కిలోలకి అరకిలో తక్కువ.
కిరాణా కొట్టు కాటా మీద తూకం వేయించే తెచ్చింది.
"మరి రోలు?" అన్నాను.
"రోలుదేముందన్నా, యాడైనా గుంట దొరుకుద్ది.
చెయ్యి మరిగింది దీనికి."

లోపల అడిగారంట, ఇది ఆయుధమా అని.
వాళ్ళకి తెలుగు రాదు,
ఆమెకి వచ్చిన అరబ్బీ ఆడ పనికిరాలా.
గాల్లో చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించిందంట,
ఎడంచేత్తో పిండి ఎగదోస్తా.
వెనకున్న వరస మొత్తం చూస్తా నిలబడిందంట.

గాజు తలుపు కాడ నా చేతికిచ్చినప్పుడు ఏడవలేదు.
"పారెయ్యబాకన్నా" అన్నది, అంతే.
బరువు పోయిన చెయ్యి ఒకటి
పక్కకి తేలిపోతా లోపలికి పోయింది.

రెండేళ్ళు.
చెప్పుకోడానికి సిగ్గే, అయినా చెప్తుండా:
రాపూరు ఘాటులో బండి ఆగిందంటే
వెనక చక్రానికి అడ్డం అదే పెట్టేవాణ్ణి.
ఎంత ఏటవాలైనా, నిండా మనుషులున్నా
వెంట్రుకవాసి కదిలేది కాదు.

మొన్న రంజాను ముందర ఆమె దిగింది.
ఒళ్ళు తగ్గింది. బంగారు పన్ను ఒకటి వచ్చింది.
పెట్టె పెట్టబోయి డిక్కీలో చూసింది:
టైరు నలుపు, డీజిలు కంపు, ఒక పక్క పెచ్చు.
నేను తల గోక్కున్నాను.

నాయుడుపేట దాటినాక బోరింగు కాడ బండి ఆపించి
ఇసక పోసి రుద్దింది అరిచేత్తో.
చాలాసేపు రుద్దింది.
వెనక లారీలోళ్ళు హారను కొట్టినా లేవలా.

"జారకుండా ఆపిందా?"
"ఆపింది."
"నన్నే ఆపలేకపాయె," అని నవ్వి
తడిరాయి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
ఉదయగిరి దాకా చీర తడిసే ఉంది.

దిగేటప్పుడు చెప్పింది,
పండగ కాంగానే మళ్ళా పోవాలంట.
"ఈసారి పెద్ద పెట్టెలో ఏస్తా, ముప్పై కిలోల్లో."
"మరి చీరలూ?"
"చీరలకేం, చేతిసంచిలో పోతాయి.
గుడ్డల్ని ఆయుధమనరు గదా."

మొన్న రాత్రి ఘాటులో దిగి
టార్చి ఏసుకుని రాళ్ళు వెతికినాను.
నాలుగు పెట్టి చూసినా.
ఒక్కటీ కుదురుగా కూర్చోలా.