పదిహేడో నంబరు ఫోను

ప్రాజెక్టు ముగిసిన మూడో వారం
ఫోన్లు వెనక్కి తీసుకోవడానికి బోరబండ వెళ్లాను.
చేతిలో జాబితా. నలభై ఫోన్లు, నలభై చార్జర్లు,
నలభై సంతకాలకు ఖాళీ గళ్లు.
ఎండ అప్పటికే రేకుల మీద కూర్చుంది.

ఎంత ముచ్చటగా మొదలుపెట్టాం!
సోమాజిగూడ హోటల్లో దీపం వెలిగించి
ఆశా వర్కర్లకు తలా ఒక ఫోను,
నీలం సంచి, సమోసా, గ్రూప్ ఫొటో.
తెర మీద బొమ్మ గర్భిణి నవ్వుతూ నడిచేది.
ఆమె కాళ్లకు వాపు లేదు.

పదిహేడో నంబరు మణెమ్మది.
రెండేళ్లలో ఆమెకు మూడుసార్లు మెమో పంపాను:
"నమోదు సమయం తెల్లవారుజాము నాలుగూ పది.
వివరాలు అనుమానాస్పదం."
ఆ గల్లీకి నల్లా వచ్చేది ఆ టైముకేనని,
ఆడవాళ్లంతా ఒక్కచోట దొరికేది
ఆ బిందెల వరుసలోనేనని
నా ఎక్సెల్ షీటుకు ఎవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

"మీకు రక్తహీనత లక్షణాలు కలవా?" అనేది యాప్.
"మెట్లెక్కితే కండ్లు తిరుగుతున్నయా బిడ్డా?" అనేది ఆమె.
"తల్లిగారింటికి పోయింది" అనడానికి గడి లేక
అట్లాంటి వాళ్లందర్నీ "ఇతర కారణాలు"లో కూర్చోబెట్టింది.
సగం బస్తీ ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

ఫోను తెచ్చి చూపించింది.
పగిలిన మూలకు సెల్లో టేపు.
బ్యాటరీ ఉబ్బితే జగదీశ్ మార్కెట్లో ముజీబ్
వేరే కంపెనీది వెతికి ఇరికించాడట.
మొదటిసారి రెండువందల యాభై.
రెండోసారి తీసుకోలేదు,
వాళ్ల కోడలికి అప్పుడు ఏడో నెల.
రీచార్జి మేం ఆపేశాక
నల్లా దగ్గర తలా పది రూపాయలు వేసుకున్నారు.
తాహెరా బీ గోడ మీద పెన్సిలుతో రాసిన లెక్క
నా ఆడిట్ కన్నా శుభ్రంగా ఉంది.

సర్వర్ మూసేసి ఇరవై రోజులు.
యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది.
"పంపబడలేదు. మళ్లీ ప్రయత్నించండి."
"అవతల ఎవరూ లేరమ్మా," అన్నాను.
"ఎర్కే సార్."

అంతలో ఫోను మోగింది.
అలారం. పేరు: నస్రీన్, ఐరన్ గోలి.
అట్లాంటివి ముప్పై ఒకటి పెట్టుకుంది,
ఒక్కో పేరుకు ఒక్కో టైము,
ఎవరింట్లో ఎప్పుడు తింటారో చూసుకుని.
మా యాప్‌లో ఆ సంగతి లేదు.
ఫోన్లో మాత్రం ముందునుంచీ ఉంది.

అలారం ఆపి, ఒక మిస్డ్ కాల్ ఇచ్చి
కిటికీ వైపు చెవి పెట్టింది.
నేనూ పెట్టాను.
మూడిళ్ల అవతల
గిన్నె మీద గరిటె, రెండుసార్లు.
"మింగింది," అంది మణెమ్మ.

బ్యాగులో నా చివరి నివేదిక ఉంది.
"సుస్థిరత" అనే అధ్యాయం పదకొండు పేజీలు.
అందులో గరిటె లేదు.

జాబితా తీశాను.
పదిహేడుకు ఎదురుగా, సంతకం గడిలో
"పోయింది" అని రాశాను.
చార్జరు కూడా పోయిందని రాశాను,
చార్జరు లేకుండా పోతే ఏం లాభం.

ఆఫీసులో అడిగారు, ఎట్లా పోయిందని.
తెల్లారగట్ల నల్లా దగ్గర
నీళ్లలో పడిందన్నాను.
మరీ అంత అబద్ధమేం కాదు.