రోజుకు రెండు

బండబెర్గ్‌లో పొద్దున ఎనిమిదికే
రోడ్డు మీద తారు మెత్తబడుతుంది.
మందుల షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో
ముందు ఆయన బూట్లు కనిపిస్తాయి,
చెరకు మసి పట్టిన బూట్లు.

డెస్మండ్ ప్రోవన్. డెబ్బై మూడు.
ఎడమ చెవికి పై అంచు లేదు.
ముక్కు మీద, మెడ దగ్గర కోసి తెచ్చిన అతుకు.
చేతుల నిండా తెల్లటి గాట్లు,
ఒక్కోదానికీ లెక్క చెబుతాడు:
ఇది వరదొచ్చిన ఏడు,
ఇది ట్రాక్టరు అమ్మిన ఏడు,
ఇది బెవర్లీ పోయిన వారం.

"అవే" అంటాడు.
నికోటినమైడ్. బి త్రీ. ఐదొందల మిల్లీగ్రాములు,
పొద్దునొకటి, రాత్రొకటి.
ఒకసారి నేను లేనప్పుడు
పేరు దగ్గరగా ఉందని నియాసిన్ సీసా పట్టుకెళ్ళాడు.
గంటలో ఒళ్ళంతా పండుమిరపకాయ.
గుండెపోటనుకుని అంబులెన్సు పిలిచాడు.
అప్పట్నుంచి ప్రతి సీసా మీదా
అక్షరం అక్షరం నాచేత చదివిస్తాడు.

"ఇక టోపీ అక్కర్లేదుగా?"
నెలనెలా అదే ప్రశ్న, అదే కన్నుగీటడం.
నేనూ అదే అప్పజెబుతాను:
ఇది గొడుగు కాదు డెస్,
కొత్తవి కొన్ని రాకుండా ఆపుతుందేమో,
అన్నిటినీ కాదు.
మెలనోమా సంగతి దీన్ని అడక్కు.
మింగడం మానేస్తే మేలు చేయడం అదీ మానేస్తుంది.
"అద్దె కొంపన్నమాట" అంటాడు.

చిన్నప్పుడు మా మేనత్త
సున్నిపిండితో నా మోచేతులు చెక్కు లేచేలా రుద్ది
ఎండలో తిరిగితే నీ మొహం ఎవరు చూస్తారే అనేది.
వాళ్ళమ్మేమో కొబ్బరినూనె పట్టించి
పిల్లల్ని బీచ్‌లో పరిచేదట, అప్పడాల్లా,
మధ్యాహ్నం ఒకసారి తిరగేసి.
రంగు కోసమే, ఇద్దరూ.

ఇవాళ చిల్లర ఇస్తుంటే
నా బొటనవేలు పట్టుకుని వదల్లేదు.
కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.
గోరు కింద నిలువుగా నల్లటి గీత.
"ఎప్పట్నుంచి?"
తలుపు సందులో నలిగింది, అన్నాను.
ఏ తలుపో గుర్తు రాలేదు.
మా రంగువాళ్ళకి రావులే అనబోయి
ఆగాను.
కౌంటరుకి అవతల నుంచి ఇలాంటివి
రోజుకు ఎన్ని వింటాను.

వెనక ఎవరో దగ్గుతున్నారు.
సీసా ఇంకా బల్ల మీదే ఉంది.
పర్సులోంచి అంచులు చిరిగిన కార్డు తీశాడు,
ఊంగారా వీధిలో స్కిన్ క్లినిక్,
మంగళవారం, పదిన్నర, ఆయన పేరు.
పేరు మీద గీత కొట్టడానికి నా పెన్నే అడిగాడు.
తర్వాత నా పేరు ఎలా రాయాలో అడిగాడు.

అక్షరం అక్షరం చెప్పాను.