ఇనపచొక్కాకు నూనె

చెన్నై చూళైలో మా బైండింగు కొట్టు.
నేను కుడతాను, ఆయన అంటిస్తాడు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదే పని.

కార్తీకంలో ముసురు. మైదా బంక ఆరదు,
మైలుతుత్తం ఎంత కలిపినా బూజు వాసన.
ఆ రోజు హిస్టరీ మేడం వచ్చింది,
వెన్ను విరిగిన పుస్తకం ఒకటి
తడవకుండా కొంగులో చుట్టుకుని.

వాన తగ్గేదాకా స్టూలు మీద కూచుని
అందులో ఏముందో చెప్పింది:
ఎనిమిది వందల ఏళ్ళ కిందట, ఫ్రాన్సులో,
దొర కొలువులో ఉండే నైటు
దొరసానిని ప్రేమించేవాడట.
తాకడు. పేరెత్తడు.
ఆమె ఇచ్చిన రవికచెయ్యి ఒకటి ఈటెకు కట్టుకుని
పోటీకి దిగి పక్కటెముకలు విరగ్గొట్టుకునేవాడట.
ఆమె ఒక్కసారి నవ్విందా, ఏడాది గ్రాసం.
"పెళ్ళికీ దీనికీ సంబంధం లేదు" అంది మేడం,
చాక్‌పీసు అంటిన వేళ్ళు తుడుచుకుంటూ.

మా ఆయన, ధనకోటి, కుంచె ఎత్తి పట్టుకుని
అలాగే ఉండిపోయాడు.
బంక బొట్టు కాలిమీద పడింది. చూసుకోలేదు.

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

తరవాత నాలుగు రాత్రులు
ఆ ఒక్క పుస్తకానికే కూచున్నాడు.
కోర్టు ఫైళ్ళకి వాడే కాలికో కాదు,
పెట్టె అడుగున దాచిన మేకతోలు తీశాడు.
ఊపిరి బిగబట్టి బంగారు రేకుతో అక్షరాలు ఒత్తాడు.
గుర్తుకి రిబ్బను కావాలని
మూడు షాపులు తిరిగి
నెమలికంఠం రంగుది తెచ్చాడు.
ఆ రోజు ఆమె చీరంచు ఏ రంగో
ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ అనలేదు.

బిల్లు నూట ఎనభై రాశాడు.
తోలుకే మూడు వందలైంది.

కోపం రాలేదు. మేడాన్ని ఒక్కటి అడగాలనిపించింది:
ఆ నైటుకి ఇంట్లో భార్య ఉండేదా?
వానలో తడిసొచ్చిన ఇనపచొక్కాకు
తుప్పు పట్టకుండా నూనె రాసింది ఎవరు?
ఆ రవికచెయ్యి ఈటె నుంచి విప్పి,
నెత్తురు పోయేదాకా ఉతికి,
మళ్ళీ ఉన్నచోటే కట్టిందెవరు?

అడగలేదు.
ఆమె వచ్చింది, పుస్తకం తిప్పి తిప్పి చూసి
"అబ్బ, ఎంత బాగా చేశారు!" అంది.
ఆయన నేలకేసి చూశాడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడిలా.
రిబ్బను ఆమె చూసిందో లేదో.

వెన్ను విప్పితే గానీ నా కుట్టు కనపడదు.
పదహారేసి పేజీల మడత, మడతకి ఐదు పోట్లు,
చివర ముడి.
తోలు ఊడనీ, బంగారం చెరగనీ,
పేజీలు మాత్రం విడిపోవు.

రాత్రి ఆయన వేళ్ళకి అంటిన బంక
వేణ్ణీళ్ళలో నానబెట్టి వదిలించాను.
చూపుడువేలి గోట్లో
కొంచెం బంగారం మిగిలింది.

దాన్ని గీకలేదు.