రసమట్టం

పదకొండు దినాలైంది,
ఎడమకు ఒత్తిగిలితే
హూడిలో మా రేకుల షెడ్డు గిర్రున తిరగబట్టి.
నా పెళ్లాం పేరు తిప్పమ్మ.
పేరులోనే ఉంది కదరా ఓబులేసూ రోగం అని
మేస్త్రీలంతా నవ్వినారు.
తిప్పమ్మ నవ్వలేదు.
నా తాపీని గోనెసంచిలో చుట్టి మంచం కింద తోసింది.
జేబులో ఉండే చిన్న రసమట్టాన్ని మాత్రం
ఆమెకు కనపడనీయలేదు నేను.

పెద్దాసుపత్రి డాక్టరు చెప్పినాడు:
చెవి లోపల ఇసుకంత రాళ్లుంటాయంట,
చోటు విడిచి జారినాయంట.
తల పట్టుకుని అటొకసారి ఇటొకసారి పడేసినాడు.
రెండు దినాలు నిలిచినాయి. మూడోనాడు మళ్లీ జారినాయి.
ఇరవై రెండేండ్లు నేలలు పరిచినోణ్ణి,
అడుగున పరుపు కుదరకుంటే
పైపలక ఎంత తట్టినా కూచోదని నాకు తెలుసు.

శివాజీనగర్‌లో చెప్పుల అంగడి మేడమీద
లియాంగమ్మ.
తాత చైనా నుంచి వచ్చి ఈ వీధిలోనే బూట్లు కుట్టినాడంట.
ఆమె కన్నడం నా కన్నడం కంటే మేలు.
మూడు వేళ్లతో నాడి పట్టింది,
ఒక్కో వేలూ ఒక్కో మాట వింటున్నట్టు.
నాలుక చాపమంది.
కాలేయంలో గాలి లేచి తలకెక్కిందంది.
మా అవ్వ దీన్నే పైత్యం అనేది, జీలకర్ర నమలమనేది.
ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఆడోళ్లు
నా తలకాయ మీద ఒక మాటకొచ్చినారు.

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక సూది.
మెడ వెనక, జుట్టు మొదలయ్యే గుంటల్లో రెండు.
ఆ గుంటల పేరు గాలిచెరువులంట.
నొప్పి లేదు.
తూకపు గుండు వేలాడదీసినట్టు
కణత దాకా ఒక బరువు, అంతే.

బోర్లా పడుకున్నా.
బల్లకు ముఖం పెట్టుకునే రంధ్రం.
అందులోంచి అరగంట నేలనే చూసినా.
ఏ తాగుబోతు పరిచినాడో,
మూడో పలక మూలకు వాలింది.
కడిగిన నీళ్లు తూముకు పోవు, బల్ల కిందికే వస్తాయి.
అంతలోనే అనుమానం:
వాలింది నేలా, నేనా?

సూదులు తీసినాక, డబ్బులిచ్చినాక,
మోకాళ్ల మీద కూచుని
పలక మీద రసమట్టం పెట్టినా.
ఇదేమి మనిషని చూసింది లియాంగమ్మ.
గాజుగొట్టంలో బుడగ
ఊగి, ఊగి,
గీత దాటి ఆగింది.
నేలదే తప్పు!
ఇన్నాళ్లకు నా తల
ఒక్క నిజం చెప్పింది.

సూదులు చేసినాయో,
అరగంట మెదలకుండా పడుకున్న పుణ్యమో,
నన్నడగొద్దు.
వేర్ల పొట్లం కూడా ఇచ్చింది కాచుకోమని,
ఆ కషాయం ముందు వేపాకు బెల్లం.

ఈ తెల్లారి భయపడుతూనే ఎడమకు ఒత్తిగిలినా.
షెడ్డు అరచుట్టు తిరిగి
ఏదో గుర్తొచ్చినట్టు నిలబడిపోయింది.
"ఆగిందా?" అనింది తిప్పమ్మ, చెంబు చేతిలోనే పట్టుకుని.
"తాపీ ఎక్కడ పెట్టినావు?
ఆదివారం ఆ పలక పీకాల.
అరబస్తా సిమెంటు చాలు" అంటి.