చెవి కోసుకునే కథ

అపరాధ పరిశోధన అంటే నేను చెవి కోసుకుంటాను.
నవ్వకండి, కత్తి చేతిలోనే ఉంది.
అర్ధచంద్రుడిలా వంగినది, పిడి లేనిది.
ఆకు అంచు కోయడానికిచ్చారు,
కథ నచ్చితే బల్ల మీద కొట్టడానికి కూడా.

పినార్ దెల్ రియోలో, మా హాలులో, నూట పది బల్లలు.
ముందు ఎత్తుపీట మీద ఒనేలియో.
మేం చుట్టలు చుడుతుంటే అతను చదువుతాడు:
పొద్దున వార్తలు, పది దాటాక నవల.
ఏ నవలో మేమే చేతులెత్తి తేల్చుకుంటాం.
ఇరవై ఆరేళ్లుగా నా చెయ్యి
హత్యల వైపే లేస్తోంది.

ప్రేమకథలు నాకు పడవు.
పక్క బల్ల నియేవెస్‌కి అవే ప్రాణం.
ఉత్తరం వానలో తడిసిందనగానే
ఆమె కన్నీటి చుక్క ఆకు మీద పడి మచ్చ కడుతుంది.
ఆ చుట్టని ఏ దేశంలో ఎవడు కాలుస్తాడో,
ఉన్నట్టుండి దిగులెందుకు కమ్మిందో వాడికి తెలీదు.
నాకు మాత్రం
ఆ ఉత్తరం తెచ్చిన పోస్టుమాను మీదే అనుమానం.

చరిత్ర అంటే ఆవలింత.
రాజులందరికీ ఒకటే పేరు, పక్కన అంకె మారుతుంది
మా పెట్టెల మీద ముద్రలాగే.
బతకడం నేర్పే పుస్తకం ఒకటి మేనేజరు పంపాడు ఓసారి.
ఐదింటికే నిద్ర లేవమంది.
మేం లేచేది నాలుగింటికి.
ఒక్క కత్తీ మోగలేదు.
మంచు సముద్రాల ప్రయాణాలు మరీ కష్టం,
మెడ వెనక చెమట కారుతుంటే
ఎవడి కాలివేళ్లో గడ్డకట్టాయని ఏం జాలిపడతాం?

ఓడరేవు హత్య మాత్రం వేరు.
మూడుసార్లు ఓటేసి మరీ చదివించుకున్నాం.
ఉప్పు గోదాములో శవం, గుప్పిట్లో సగం కోసిన నిమ్మకాయ.
ప్రతిసారీ చివరి పేజీ దగ్గర ఒనేలియో ఆగేవాడు.
కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి,
మళ్లీ పెట్టుకుని,
"డాక్టరే" అనేవాడు.
నూట పది కత్తులు,
రేకుల కప్పు మీద వడగళ్లు.

పోయిన జూన్‌లో అతని గొంతులో గడ్డ.
కోసింది డాక్టరే. నేను ముందునుంచీ అంటూనే ఉన్నా.
పీట మీదికి యానెలిస్ వచ్చింది, సన్నటి పిల్ల, సన్నటి గొంతు.
మేం ఓడరేవు హత్యే అడిగాం.
పాత ప్రతి దొరకలేదు, హవానా నుంచి ఇంకొకటి తెప్పించింది.
పదమూడు రోజులు చదివింది.
పదమూడో రోజు, ఎక్కడా ఆగకుండా,
చంపింది చెల్లెలంది.

ఏ చెల్లెలు?
హాలంతా నిశ్శబ్దం.
వెనక వరసలోంచి ముసలి తిబుర్సియో
"తప్పు చదివావు పిల్లా" అన్నాడు.
ఆమె పేజీ ఎత్తి చూపించింది.
అచ్చులో ఉంది మరి.

సాయంత్రం ఒనేలియో ఇంటికెళ్లాను.
పాత ప్రతి అతని మంచం పక్కనే.
తిప్పి చూస్తే చివరి కాగితం లేదు,
కుట్టు దగ్గర చిరుగు కూడా పాతబడి పసుపెక్కింది.
అతను పలక అందుకుని రాశాడు:
"ఆరోజు అందరూ చేతులాపి నన్నే చూస్తున్నారు, లిబ్రాదా."
చెరిపి, మళ్లీ:
"చెల్లెలు బాగుందా?"

"డాక్టరే నయం" అన్నాను.
భుజాలు ఊగాయి, చప్పుడు లేదు.

పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను.
ఇన్నేళ్లలో ఒక్కదాన్నే, పెదవి కదపకుండా చదవడం ఇదే మొదలు.
నా వేళ్ల పొగాకు రంగు ప్రతి పేజీ అంచుకీ అంటింది.
నాకు నచ్చింది హత్యా,
కళ్లజోడు తుడిచిన ఆ అరనిమిషమా?
ఆఖరి వాక్యం సగంలో తెగింది.
వంటింటి బల్ల మీద కత్తితో ఒక్కసారి కొట్టాను.
పక్కింటి కుక్క మొరిగింది.

సోమవారం మళ్లీ ఓటింగు.
ఈసారికి ప్రేమకథకి చెయ్యెత్తమని నియేవెస్ బతిమాలుతోంది.
ఎత్తుతానేమో.
ఆ పోస్టుమాను సంగతి ఇంకా తేలలేదు.