తూము దగ్గర ఎవరూ లేని పూట

బరంపురం పెద్దాసుపత్రి, మూడో అంతస్తు వరండా.
దండాసి తల స్కానింగును వెలుతురుకెత్తి
నేను వేలు పెట్టిన చోట
ఎండమ్మకు కనిపించింది ఒక మబ్బు.
"వాన మబ్బా బావూ, వట్టి మబ్బా?"

చదివిందే చెప్పబోయాను:
మెదడు దాచుకోదమ్మా.
దానికి గాదె లేదు, అటక మీద కుండ లేదు,
రక్తం తెచ్చింది అప్పటికప్పుడే వండుకుంటుంది.
దారిలో గడ్డొకటి అడ్డం పడితే
పొయ్యి ఆరడానికి నిమిషాలు చాలు.
ప్రతి కణం గోడలోనూ ఒక పంపుంది,
చొరబడ్డ ఉప్పును బయటికి తోడడమే
రాత్రీ పగలూ దాని పని...

అక్కడే ఆపింది నన్ను,
ముప్పై ఏళ్లు హుమ్మ ఉప్పుమళ్లలో కాళ్లు పగిలిన మనిషి.

"మరైతే డీజిలైపోనాది.
పంపాగిపోనాది. పోటు ఆగదు కదా.
తూముకాడ ఎవులూ లేరు.
ఉప్పునీరొచ్చీసి మడి ఉబ్బిపోనాది.
అంతేనా?"

అంతే.
పరీక్షలో నేను నాలుగు పేజీలు రాశాను దీన్ని.

ఇంకా ఉంది, అన్నాను, కొంచెం పంతంగానే.
మునిగే కణం ఊరికే మునగదు.
చుక్కచుక్కగా అందించే కబురును
ఒక్కసారిగా కుమ్మరించేస్తుంది,
గ్లూటమేటు దాని పేరు.
పక్కింటి కణం పిలుపనుకుని తలుపు తీస్తుంది.
ఆ తలుపులోంచి కాల్షియం దూరి
ఇంటి దూలాలను ఇంటివాళ్ల చేతే కోయిస్తుంది.
గాలి అందని పొయ్యి మీద
మిగిలిన కాస్త చక్కెరా పులిసిపోతుంది.

"కేక విన్నోడు కూడా ములిగిపోతాడా?"

జవాబు పుస్తకంలో ఉంది. చెప్పలేదు.

తెల్లారుజామున నాలుగింటికి
అతని చేతిలోంచి ఉప్పు లాగే పలక జారింది.
ఎండదెబ్బ అన్నారు, ఎండ ఇంకా రాకముందే.
ఉల్లిపాయ నలిపారు, అరికాళ్లకు నూనె రాశారు.
కాంట్రాక్టరు టెంపో బస్తాలు దించాకే కదిలింది.
ఛత్రపురం దగ్గర లారీల వరస.
మా గుమ్మం ఎక్కేసరికి పదకొండు.
మందు గడువు నాలుగున్నర గంటలు.
ఈ లెక్క ఆమెకు చెప్పక్కర్లేదు,
పోటు వేళలు నాకంటే తనకే తెలుసు.

నడిమి మడి పోయింది.
చుట్టూ ఉన్నవి పలకవు, చావవు,
పిల్లకాలవల నీటితో
మసకలో కూచుని ఉంటాయి కొన్నాళ్లు.
"అయితే గట్టెయ్యాల," అంది ఎండమ్మ,
గట్టు నా చేతిలో ఉన్నట్టు.

అయిదో నాడు
గిన్నెలో జావ ఒక చెంచా మింగి
మొహం చిట్లించి దండాసి అన్నాడు:
"లుణ."

ఉప్పు అనలేదు.
లుణ.
సావుకారు దగ్గర, తూకం దగ్గర,
కూలి తెగ్గోసిన చోట వాడే మాట.
ఇంట్లో మాట మునిగిపోయింది,
కాటా దగ్గరి మాట తేలింది.

కేసు షీటులో రాసుకున్నాను.
ఆమె ఏడుస్తుందనుకున్నాను.
కొంగు ముడి మీద చెయ్యి వేసింది,
విప్పలేదు. ఉప్పు వద్దన్నది నేనే.
మొగుడి మొహంలోకి వంగి,
కాపరానికొచ్చాక మొదటిసారి ఆ భాషలో,
"లుణ నాహిఁ. డాక్తర మనా కరిఛంతి."

దండాసి ఎడం చెయ్యి మెల్లగా లేచింది,
కాటా పట్టుకున్నట్టు,
ముల్లు ఎటు మొగ్గిందో చూస్తున్నట్టు.