చెన్నమ్మక్క అడిగినందుకు

మధ్యాహ్నం గిన్నెలు కడుక్కుంటా అడిగావు గదా,
నీ మనవడికి ఆ ఆట కొనిపెట్టొచ్చా అని.
అప్పుడే మేస్త్రీ కేకేశాడు, చెప్పలేకపోయా.
ఇప్పుడు చెబుతుండా, విను.

పాత ఆటే అక్కా. మా కేశవులు పుట్టకముందుది.
మన మార్కాపురంలో దొరకలేదు.
ఒంగోలు కర్నూలు రోడ్డులో రిపేరు కొట్టాయన
పెట్టె, తీగలు, రెండు మీటల బిళ్ళలు కలిపి
పదహారు వందలన్నాడు, పదమూడుకిచ్చాడు.
ఒక బిళ్ళలో ఎడమ మీట నొక్కితే ఇరుక్కుపోద్ది.
వీరుడు గోడకేసి నడుస్తానే ఉంటాడు,
తాగొచ్చిన రాత్రి మీ ఆయన్లాగా.
తప్పుగా అనుకోబాకు.

వీరుడికి పేరుండదు. మనమే పెట్టాల.
ఆరక్షరాలే పడతాయంట, అదీ ఇంగ్లీషులో.
వీడు వాళ్ళ తాత పేరు పెట్టాడు.
కాశయ్యలో చివర పట్టలేదు.
రాయి దుమ్ముకి ఊపిరి చాలక పోయిన మనిషి,
ఇక్కడా కొంత తక్కువే.

రక్తముంటదా అన్నావు. ఉండదు.
రాక్షసుల్ని కొడితే పొగై పోతారు,
మన రంపం కాడ లేచే దుమ్మంత.
బూతుల్లేవు.
ఒక రాణిని దీపంలో బంధించుంటారు,
ఆమె ఏడవదు, దారి చెప్పుద్ది.
ఒకటి మాత్రం ముందే చెప్పు పిల్లోడికి:
ఎవరింట్లో దూరి కుండలు పగలగొట్టినా
అందులో కాసులుంటాయి, ఒక్కరూ మాటనరు.
రెండో రోజే వాళ్ళ మేనత్త ఇంట్లో
ఊరగాయ జాడీ వంక మావోడు చూసిన చూపు
నాకు నచ్చలేదు.

భయమంటావా, ఉప్పు గుహ కాడుంది.
దీపం ఆరిపోద్ది. ఏమీ కనపడదు,
నీటిచుక్క చప్పుడొక్కటే.
అక్కడ బిళ్ళ నా చేతిలో పెట్టి దుప్పట్లో దూరాడు.
పలకలకు చెక్క బిగించుకునే దాన్ని, నాకేం తెలుసు?
చెవి పెట్టి నడిపించా,
చుక్క చప్పుడు పెద్దదయ్యే వైపు.
అట్లా బయటపడ్డాం.
ఆ రోజు పక్కన కూర్చో. వంట తర్వాత.

ఊట నీళ్ళు తాగితే వీరుడి ప్రాణం గీత
పచ్చగా నిండిపోద్ది.
"అమ్మా, అయ్యి ఏ ఊరి నీళ్ళు?" అంటాడు,
గారపట్టిన పళ్ళతో నవ్వుతా.
క్యాను నీళ్ళురా అన్నా.
నమ్మాడో లేదో.

ఎంతసేపాడనియ్యాల అంటే,
గడియారం చూసి పీకేయబాకు.
రాతి విగ్రహం కాడికి పోతేనే ఆట దాచుకుంటది.
"విగ్రహం దాకా పోయి ఆపరా" అను.
వాడు వింటాడు. కరెంటే వినదు.

ఇంకోటి. ఆ ఆటలో పటం ఉండదు.
మూల పగిలిన పలకొకటి ఫ్యాక్టరీ నించి తెచ్చిచ్చా.
దాని మీద గీసుకున్నాడు
వంతెనలు, తాళాలున్న తలుపులు, ఉప్పు గుహ,
తాత నిలబడ్డ చోట ఒక చుక్క.
మూడు నెలలు.

ఆదివారం ఇల్లు తుడుస్తా తుడుస్తా
తడిగుడ్డతో దాన్నీ తుడిచేశా.
పదేళ్ళ అలవాటక్కా,
పలక మురిగ్గా కనపడితే చెయ్యి ఊరుకోదు.

ఏడవలేదు. నా వంక చూడనూ లేదు.
రాత్రి అన్నం తిని, బలపం తీసుకుని
నాలుక కొరుక్కుంటా మొదట్నించీ గీశాడు.
చుక్క కూడా పెట్టాడు.
ఒక్క గది గుర్తు రాలేదు.
ఇప్పుడు దానికోసమే తిరుగుతుండాం, వంతులేసుకుని.
మంచి బిళ్ళ వాడిది,
మీట ఇరుక్కునేది నాది.

కొనిపెట్టు.
పదమూడు వందల పైన ఇవ్వబాకు.
పలక నేను తెస్తా.